వాన పట్టిన ఐదో రోజు: సరుకుల నిల్వా, పెరటి కోళ్లా, మేకలా, ఆవా?

2021 నవంబరు 18న తిరుపతిలో కురిసిన వాన చూసినవాళ్లు దాన్ని అంత తేలిగ్గా మరిచిపోరు. వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, కొండకు పోయే ఘాట్ రోడ్లూ నడకదారులూ మూసేశారు. మా వీధిలో మోకాటి లోతు నీళ్లు. రెండు రోజులు అంగడి తెరవలేదు, పాలు రాలేదు, కరెంటు వస్తూ పోతూ ఉండింది. ఇంట్లో బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది. కానీ రెండో రోజు పొద్దున గ్యాసు అయిపోయింది. అన్నీ ఉండి వండే దారి లేక, పిల్లలకు బొరుగులూ బెల్లమూ పెట్టి కూర్చున్న ఆ పూట నాకు ఇప్పటికీ కళ్లలోనే ఉంది.

అంతకు ముందు ఏడాది లాక్‌డౌన్‌లో ఇబ్బంది ఇంకో రకం. అంగళ్లలో సరుకుంది, బయటికి పోయే వీలు లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మళ్లీ వాన తెచ్చింది. మన జిల్లాల్లో ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఉంటాయి, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మనకు తప్పదు. అందుకే చుట్టాలూ పక్కింటివాళ్లూ నన్ను తరచుగా ఒకటే అడుగుతుంటారు. "సరుకులు ఎక్కువ తెచ్చి పెట్టుకోవాలా, నాలుగు కోళ్లు పెంచుకోవాలా, రెండు మేకలు కొనాలా, చేతనైతే ఒక ఆవు పెట్టుకోవాలా?"

పాకాల దగ్గర పల్లెలో పుట్టి పెరిగి, తిరుపతి అంచున కొద్దిపాటి పెరడున్న ఇంట్లో ఇవన్నీ ఎంతోకొంత చేసి చూసిన అనుభవంతో చెప్తున్నాను. అందరికీ ఒకటే జవాబు సరిపోదు. కానీ ఏ ఇంటికైనా వరస మాత్రం ఒకటే: ముందు డబ్బాలు, తర్వాత కోళ్లు, ఆ తర్వాతే మిగతావి. ఎందుకో చెప్తాను.

## ఎంచుకునే ముందు అడగాల్సినవి

వాన పట్టిన ఐదో రోజు ఇది నాకు తిండి పెడుతుందా, నా తిండిలో వాటా అడుగుతుందా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. డ్రమ్ములోని బియ్యం మనల్ని ఏమీ అడగవు. కోడి గుప్పెడు నూకలు అడుగుతుంది. మేక చేతుల నిండా ఆకు అడుగుతుంది. ఆవు మోపు గడ్డి, తొట్టి నిండా నీళ్లు అడుగుతుంది. మేత కోసం బయటికి పోలేని రోజున వీటి ఆకలి తీర్చే ఏర్పాటు ఇంట్లోనే ఉండాలి. జీవాలు కొనేటప్పుడు చాలామంది ధర చూస్తారు, చోటు చూస్తారు, దీన్ని చూడరు.

ఇల్లు వదలాల్సి వస్తే? అదే 2021 నవంబరులో రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు కారడం మొదలైంది. కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. అదృష్టవశాత్తు చెరువు నిలబడింది. కానీ అలాంటి గంటలో ఏది చేతపట్టుకుని పోగలం, ఏది వదిలిపోవాలి అన్నది ముందే తెలిసి ఉండాలి.

మొదటి తిండి ఎప్పుడు చేతికొస్తుంది? సరుకు తెచ్చిన రోజే తిండి. కోడిపిల్ల తెస్తే గుడ్డుకు ఆరు నెలలు. మేకకు చూలే ఐదు నెలలు. తుఫాను హెచ్చరిక విని జీవాలు కొనడం దండగ.

రోజూ చూసేది ఎవరు? ఇంటిల్లిపాదీ పెళ్లికి మూడు రోజులు మదనపల్లెకు పోతే ఎవరు నీళ్లు పెడతారు? ఈ పేరు చెప్పలేకపోతే జీవాల మాట ఇప్పటికి పక్కన పెట్టండి.

చోటు, ఇరుగుపొరుగు, ఇంటి ఓనరు ఒప్పుకోలు ఎలాగూ చూసుకుంటారు కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయను.

## సరుకుల నిల్వ: అందరికీ, అన్నిటికన్నా ముందు

నిల్వ అంటే నెల సరుకులు రెట్టింపు తెచ్చిపెట్టడం కాదు. ఇంట్లో రోజూ తినేదాన్నే కాస్త ఎక్కువ పెట్టుకుని, ముందు తెచ్చింది ముందు వాడుతూ, ఖాళీ అయినంత మేరకు నింపుతూ పోవడం. తినని సరుకు నిల్వ పెడితే అది పురుగులపాలే.

మన చిత్తూరు, తిరుపతి ఇళ్లకు ఇందులో పెద్ద మేలుంది. రాగుల్ని మించి నిల్వ ఉండే ధాన్యం మన దగ్గర లేదు. గింజ చిన్నది, గట్టిది, పురుగు దాన్ని పెద్దగా ముట్టదు. బాగా ఎండిన రాగులు రెండు మూడేళ్లు చెక్కుచెదరవు. వెనకటి రోజుల్లో ధాన్యాన్ని పాతరల్లో వేసి కరువుకు దాచుకున్నది ఈ సీమవాళ్లే. కానీ పిండి పట్టించాక కథ మారిపోతుంది. నెల దాటితే రాగిపిండి ముక్కవాసన వస్తుంది. అందుకే గింజలు దాచండి, పిండి నెలకు సరిపడా మాత్రమే పట్టించండి. కరెంటు లేకపోతే మర ఆడదు కాబట్టి వానాకాలంలో ఆ నెల పిండి ఎప్పుడూ చేతిలో ఉండాలి.

నలుగురున్న ఇంటికి పదిహేను రోజుల లెక్క మా ఇంట్లో ఇలా కుదిరింది:

| సరుకు | ఎంత | ఎంతకాలం ఆగుతుంది | జాగ్రత్త |
|---|---|---|---|
| బియ్యం | 12 కిలోలు | మూత బిగిసిన డ్రమ్ములో ఏడాది | ముడి బియ్యమైతే మూడు నాలుగు నెలలే |
| రాగులు | 5 కిలోలు | రెండు మూడేళ్లు | పిండిగా నెల మాత్రమే |
| కందిపప్పు | 3 కిలోలు | 8 నుంచి 10 నెలలు | ఎండకు పెట్టి, చల్లారాకే డబ్బాలో పోయాలి |
| అలసందలు, ఉలవలు, పెసలు, ఎండు అనపగింజలు | 2 కిలోలు | ఆరు నెలలు | పుచ్చు త్వరగా పడుతుంది |
| చెనిక్కాయలు (వేరుశనగ) | గింజల లెక్కన 2 కిలోలు | కాయలుగా 6 నుంచి 8 నెలలు, ఒలిస్తే 2 నుంచి 3 నెలలు | చెమ్మ తగలకూడదు |
| నూనె | 3 లీటర్లు | ప్యాకెట్టు మీది తేదీ దాకా | వెలుతురు తగలకూడదు |
| బెల్లం | 1 కిలో | ఏడాది | వానాకాలంలో నీరు కారుతుంది, గాలి చొరని డబ్బా కావాలి |
| చింతపండు, ఉప్పు | అర కిలో, కిలో | ఏడాది పైనే | చింతపండులో గింజ తీసి ఉప్పు కలిపితే మంచిది |
| బొరుగులు, అటుకులు, పుట్నాలు | కలిపి 3 కిలోలు | ఒకటి రెండు నెలలు | పొయ్యి లేని రోజుకు ఇవే దిక్కు |

చివరి వరసను తేలిగ్గా తీసుకోకండి. పొయ్యి వెలిగించకుండా తినగలిగినవి కనీసం రెండు రోజులకు ఉండాలి. వండుకునే వీలు కోసం అయిదు కిలోల చిన్న సిలిండరు ఒకటి నిండుగా ఉంచుకోండి. పెరడున్నవాళ్లయితే మూడు ఇటుకలు, వానకు తడవని చోట నాలుగు మోపుల ఎండుకట్టెలు పెట్టుకున్నా చాలు. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు లెక్క. నలుగురికి ఐదు రోజులంటే ఎనభై లీటర్లు, అంటే నాలుగు పెద్ద క్యాన్లు. వరదనీళ్లు సంపులోకి చేరితే ఆ సంపు నీళ్లు తాగడానికి పనికిరావు.

ఇక దేంట్లో దాచాలి? గోనెసంచి ఊరి మిద్దె మీదైతే సరే, ఇంట్లో అయితే ఎలుకకూ చెమ్మకూ తలుపు తీసినట్టే. ప్లాస్టిక్ డబ్బా చవక, కానీ పందికొక్కు కొరుకుతుంది. మూత బిగువుగా పట్టే స్టీలు డ్రమ్ము ఖరీదైనా ఒక్కసారి కొంటే పిల్లల కాలం దాకా ఉంటుంది. కందులు, పెసలు ఉంచడానికి మా అవ్వ మట్టికుండల మూతికి గుడ్డ కట్టి పేడతో మెత్తేది. అది పనిచేసే పద్ధతే, ఇప్పుడు అంత ఓపిక ఉన్నవాళ్లు తక్కువ. డబ్బా ఏదైనా రెండు నియమాలు మాత్రం మారవు. సరుకు పంటి కింద కటుక్కుమని విరిగేంత ఎండి ఉండాలి. డబ్బా నేల మీద కాకుండా బల్ల మీదో అటక మీదో ఉండాలి. 2021లో మా పక్కింటివాళ్లు బియ్యం మూటలు నేల మీదే పెట్టి ఉన్నారు, రెండు మూటలు తడిసి ముక్కిపోయాయి. వరదనీటిలో తడిసిన ధాన్యాన్ని ఆరబెట్టి తినకూడదు.

పురుగు పట్టకుండా ఎండువేపాకు, ఎండుమిరపకాయలు వేయడం మంచిదే. పప్పులకు కొద్దిగా ఆముదం పట్టించడం ఇంకా మంచిది. ఫ్రిజ్ ఉంటే పెసలు, అలసందలు తెచ్చిన వెంటనే నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు మాత్రం ఇంట్లోకి తేకండి. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ గాలి మనుషుల ప్రాణాలు తీస్తుంది. ఎవరు చవగ్గా ఇస్తామన్నా వద్దు.

చెనిక్కాయల గురించి ఇంకో మాట. మన జిల్లాలో పండే పంట, సంగటిలోకి ఊరుబిండి (చెనిక్కాయల పచ్చడి) లేనిదే ముద్ద దిగదు, అందుకే ప్రతి ఇంట్లోనూ మూట ఉంటుంది. చెమ్మ తగిలితే దానికి బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా ఉడికించినా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నల్లబడిన, ముడుచుకుపోయిన, చేదుగా ఉన్న గింజ ఏరి పారేయండి. "మనకు వద్దులే, కోళ్లకు వేద్దాం" అనుకోవద్దు. కోడిపిల్లలు ఆ విషానికి మనకన్నా త్వరగా పోతాయి.

ఊరగాయలు, వడియాలు, ఊరమిరపకాయలు కడుపు నింపవు. అయినా నాలుగు రోజులు ఉత్త పప్పన్నం తిన్న పిల్లలకూ ముసలివాళ్లకూ ఆ నాలుగు వడియాలే ముద్ద దిగేట్టు చేస్తాయి. ఎండాకాలంలో పెట్టుకున్నవి ఒక జాడీ తీసిపెట్టండి.

నిల్వలో లోపం ఏమిటంటే, అది తరిగేదే కానీ పెరిగేది కాదు. పదిహేను రోజుల తర్వాత డబ్బా అడుగు కనబడుతుంది. పైగా తాజా మాంసకృత్తులు, ఆకుకూర, పాలు అందులో ఉండవు. జీవాలతో పని పడేది ఇక్కడే.

## కోళ్లు: పెరడున్న ఇంటికి మొదటి జీవం

జీవాల్లో నేను ముందు కోళ్లనే చెప్పడానికి కారణం ఐదో రోజు లెక్కే. వాన రోజుల్లో గూట్లోనే ఉంచాల్సి వస్తే పెద్ద కోడికి రోజుకు వంద గ్రాముల దాణా చాలు. ఆరు కోళ్లకు పదిహేను రోజులకు తొమ్మిది కిలోలు. ఒక్క డబ్బా. నూకలు, సద్దలు, రాగులు కలిపి ఆ డబ్బా నింపి పెడితే టెన్షన్ ఉండదు. తవుడు కూడా వేయొచ్చు కానీ అది నెలలోపే చేదెక్కుతుంది, నిల్వకు పనికిరాదు. వాన లేని రోజుల్లో అవి పురుగూ పుట్రా గడ్డిగింజా ఏరుకుని తింటాయి, సంగటి మిగిలితే అదీ తింటాయి. ఉప్పు ఎక్కువున్న మిగులు కూరలు మాత్రం వేయకూడదు.

అసలు తికమక నాటుకోడా, ఎక్కువ గుడ్లు పెట్టే సంకర రకం గ్రామప్రియా అన్న దగ్గరే.

నాటుకోడి ఏడాదికి యాభై అరవై గుడ్లకు మించి పెట్టదు. పన్నెండు పదిహేను పెట్టాక పొదగడానికి కూర్చుంటుంది, ఇరవై ఒక్క రోజులు లేవదు, తర్వాత రెండు మూడు నెలలు పిల్లల వెంట తిరుగుతుంది. గుడ్ల లెక్కలో చూస్తే ఓడిపోయినట్టే. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ పెరట్లో తిరుగుతూ కూడా నూట అరవై దాకా పెడుతుంది. అదే సంస్థవారి వనరాజ వంద దాటుతుంది, మాంసానికి కూడా బాగుంటుంది. బెంగళూరు నుంచి వచ్చిన గిరిరాజ మన కుప్పం, పలమనేరు వైపు చాలా ఏళ్లుగా కనిపిస్తోంది.

మరి గ్రామప్రియే కొనొచ్చు కదా అంటారు. ఇక్కడ కరెంటు ప్రశ్న వస్తుంది. గ్రామప్రియ పొదగదు. ప్రతిసారీ పిల్లల్ని కొనాలి. కొన్న పిల్లలకు మొదటి మూడు నాలుగు వారాలు బల్బు వేడి కావాలి. రాత్రి కరెంటు పోయి రెండు గంటలు రాకపోతే పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. నాటుకోడి రెక్కల కింద పిల్లలకు ఏ బల్బూ అక్కర్లేదు. గద్దను చూసి పిల్లల్ని దాచేదీ అదే. పెద్ద రకాలకు ఆ చురుకుదనం తక్కువ, ముంగిసకూ పిల్లికీ తేలిగ్గా దొరుకుతాయి. బయటి సాయం ఏమీ లేకుండా తనంతట తాను పెరిగే మంద కావాలంటే నాటుకోడి, రోజూ గుడ్డు కావాలంటే గ్రామప్రియ.

అందుకే మా పెరట్లో నాలుగు నాటుపెట్టలు, ఒక పుంజు, రెండు గ్రామప్రియలు. లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 540 గుడ్లు, రోజుకు ఒకటిన్నర. నలుగురికి ఇది చాలదనిపించవచ్చు, కానీ అంగడి మూసిన రోజు పిల్లలిద్దరికీ చెరొక గుడ్డు ఉండటం చిన్న విషయం కాదు. గ్రామప్రియ గుడ్లను నాటుకోడి కింద పొదగేసే పద్ధతి ఉంది, పిల్లలు వస్తాయి. అయితే ఆ పిల్లలు తల్లి అంత గుడ్లు పెడతాయని ఆశించకండి, సంకర రకం గుణం తర్వాతి తరంలో నిలవదు. ఉత్త గుడ్లే కావాలంటే పుంజు కూడా అక్కర్లేదు. తెల్లవారుజామున కూతకు పక్కింటివాళ్లు విసుక్కునే చోట పుంజు లేకుండానే పెట్టలు పెంచుకోండి.

ఇప్పుడు తెగులు సంగతి. 2019లో నా దగ్గర పద్నాలుగు కోళ్లుండేవి. టీకా వేయించడం వాయిదా వేస్తూ వచ్చాను. ఎండాకాలం మొదట్లో ఒక పెట్ట నోరు తెరిచి ఎగబోసింది, మర్నాడు ఆకుపచ్చగా పారుకుంది, ఇంకో రెండింటికి మెడ వంకర తిరిగింది. కొక్కెర తెగులు. వారంలో తొమ్మిది పోయాయి. వచ్చాక మందు లేదు దీనికి, రాకుండా టీకానే దారి. ఐదు నుంచి ఏడు రోజుల పిల్లకు లసోటా టీకా చుక్క కంట్లోనో ముక్కులోనో, నాలుగు వారాలకు మళ్లీ లసోటా, ఎనిమిది వారాలకు ఆర్2బి టీకా సూది. టీకా మందు సీసాలో ఎన్నో కోళ్లకు సరిపోయే డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసులో ఉండాలి. ఆరు కోళ్ల కోసం ఒక సీసా దండగ అనిపిస్తుంది. కాబట్టి వీధిలో కోళ్లున్నవాళ్లంతా ఒకే రోజు పెట్టుకోండి. మేం ఇప్పుడు అలాగే చేస్తున్నాం, పశువుల ఆసుపత్రివాళ్లకూ అదే సులువు.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ వచ్చింది, మనకు పక్క జిల్లానే. కోళ్లు ఒక్కసారిగా చస్తే కోసుకు తినకండి, పారేయకండి, పశువైద్యుడికి చెప్పండి. గుడ్డూ మాంసమూ బాగా ఉడికించి తినండి.

ఇల్లు వదలాల్సి వస్తే ఆరు కోళ్లు రెండు గంపల్లో పడతాయి. ఈ సౌకర్యం ఇంకే జీవానికీ లేదు.

## మేకలు: తిండికన్నా అవసరానికి డబ్బు

మేకను తిండి భరోసాగా కొంటే నిరాశపడతారు. పాలు అర లీటరు, అదీ పిల్లకు పోగా. మాంసం కోసం కోస్తే ఒక్కరోజులో అంతా తినలేరు, ఫ్రిజ్ పనిచేయని రోజున ఇంకా కష్టం. మేక అసలు బలం అమ్మకంలో ఉంది. ఆసుపత్రి ఖర్చుకో కాలేజీ ఫీజుకో వారపు సంతలో ఒక పోతును తోలితే చేతిలో డబ్బు పడుతుంది.

ఐదో రోజు వాన మేకకు చాలా కష్టం. రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చిమేత కావాలి. తడి అసలు పడదు, గిట్టలు మెత్తబడతాయి, దగ్గు పట్టుకుంటుంది. నేలకు ఎత్తుగా కర్రలతో మంచెలాంటి కొట్టం కట్టాలి. పెరట్లో అవిశ, సుబాబుల్, మునగ చెట్లుంటే కొమ్మ నరికి వేయొచ్చు. చెనిక్కాయ చెట్ల ఎండుమేత అటక మీద దాచిపెడితే వారం గడుస్తుంది. ఈ రెండింటిలో ఒకటైనా లేనివాళ్లు మేకల జోలికి పోకండి. చిటుక రోగానికి వానలకు ముందే టీకా వేయించాలి, పారుడు రోగానికి పీపీఆర్ టీకా వేరే ఉంది. రెండూ ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి.

మేకను ఒంటరిగా పెంచకండి, బెంగపడి మేత మానేస్తుంది. కనీసం రెండు ఉండాలి. తిరుపతి లాంటి ఊళ్లో అవి పక్కింటి మందారం తిన్న రోజే తగువు మొదలవుతుంది, కాబట్టి ఇది పొలముండే పల్లె ఇంటికే.

## ఆవు: పాడి ఎరిగిన ఇంటికి మాత్రమే

చిత్తూరు అంటేనే పాడి. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు చాలా ఇళ్లల్లో జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులుంటాయి. ఇప్పటికే రెండావులున్న ఇంటికి నేను చెప్పగలిగింది తక్కువ. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించండి. సంకర ఆవుకు రోజుకు పాతిక కిలోల పైన పచ్చిగడ్డి, దానికి తోడు ఎండుగడ్డీ దాణా, బోలెడు నీళ్లు. రోజుకు రెండు పూటలా పాలు పిండాలి, పండగైనా చావైనా. ఈనిన పది నెలలకు వట్టిపోతుంది, రెండు నెలలు పాలుండవు. ఊరు ఖాళీ చేయాల్సిన రాత్రి ఆవును తోలుకుని ఎక్కడికి పోతాం?

పుంగనూరు పొట్టి ఆవు సంగతి చాలామంది అడుగుతారు. ఎత్తు మూడడుగులు దాటదు, మేత తక్కువ, పాలు తక్కువైనా చిక్కనివి. చిన్న ఇంటికి సరిపోయే జీవమే. కానీ ధర ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది, పుంగనూరు పేరు చెప్పి వేరే పొట్టి దూడల్ని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. మన నేల మీద పుట్టిన జాతిని నిలబెట్టాలని ప్రేమతో పెంచేవాళ్లకు దండం పెడతాను. తిండి భరోసా కోసమైతే ఆ డబ్బుకు వేరే దారులున్నాయి.

వాటిలో ఒకటి: ఆవున్న పొరుగింటితో ఒప్పందం. ఏడాది పొడవునా వాళ్ల దగ్గరే పాలు తీసుకోండి, మీ పెరటి గడ్డీ కూరగాయ తొక్కలూ వాళ్ల ఆవుకు ఇవ్వండి. 2021 వానలో పాలబండి రాని రెండు రోజులూ మా వీధి చివరి ఆవే నాలుగు ఇళ్ల పసిపిల్లలకు పాలిచ్చింది.

కుందేళ్లు, కంజు పిట్టల గురించి క్లుప్తంగా చెప్తాను. కుందేలు నెలకే ఈనుతుంది కానీ మన మే నెల ఎండకు తట్టుకోలేదు. కంజు పిట్ట ఏడు వారాలకే గుడ్డు పెడుతుంది, చోటూ తక్కువే. అయితే కొన్న దాణా మీదే బతుకుతుంది, మళ్లీ పిల్లలు కావాలంటే పొదిగే యంత్రం, దానికి కరెంటు. ఐదో రోజు పరీక్షలో రెండూ నిలవవు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | సరుకుల నిల్వ | నాటుకోళ్లు | గ్రామప్రియ | మేకలు | ఆవు |
|---|---|---|---|---|---|
| ఐదో రోజు వానలో అడిగేది | ఏమీ లేదు | ఒక్కోదానికి వంద గ్రాముల దాణా | అంతే | 3 నుంచి 4 కిలోల మేత, పొడి కొట్టం | మోపు గడ్డి, తొట్టి నీళ్లు |
| మొదటి తిండి | ఆ రోజే | ఆరు నెలలు | ఆరు నెలల లోపు | ఏడాది | పాడావైతే ఆ రోజే |
| తనంతట తాను పెరగడం | లేదు | ఉంది | లేదు | ఉంది | ఉంది, నెమ్మదిగా |
| ఇల్లు వదిలితే | ఒక సంచి పడుతుంది | గంపలో | గంపలో | నడిపించుకుని | చాలా కష్టం |
| రెండు రోజులు ఎవరూ లేకపోతే | ఫరవాలేదు | నీళ్లూ దాణా పెట్టి గూడు మూసిపోవచ్చు | అంతే | కుదరదు | అసలు కుదరదు |

## మీ ఇంటికి ఏది?

తిరుపతిలో అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. జీవాల ఆలోచన వదిలేయండి. మీకు వరదనీళ్ల భయం లేదు కానీ కరెంటు పోతే మోటారు ఆగుతుంది, కుళాయి ఎండుతుంది. మీ డబ్బు నీళ్ల క్యాన్లకూ, చిన్న సిలిండరుకూ, పైన చెప్పిన సరుకులకూ పెట్టండి. బాల్కనీలో కరివేపాకు, పుదీనా చాలు.

బాడుగ ఇల్లు, చిన్న పెరడు. నిల్వ పూర్తయ్యాక, ఓనరు ఒప్పుకుంటే పుంజు లేకుండా మూడు గ్రామప్రియ పెట్టలు. ఇల్లు మారేటప్పుడు తీసుకుపోవచ్చు, లేదా అమ్మేయొచ్చు. పది కోళ్లకు పోతే వాసనతో తగువు వస్తుంది.

చంద్రగిరి, రేణిగుంట వైపు ఐదారు సెంట్ల సొంత ఇల్లు. మా ఇంటి లెక్కే మీకూ నప్పుతుంది: నాలుగైదు నాటుకోళ్లు, రెండు గుడ్ల కోళ్లు, గోడ వారగా రెండు మునగచెట్లు. గూడు నేలకు రెండడుగుల ఎత్తున కట్టండి. జాలీ సందులు చిన్నవిగా ఉండాలి, ముంగిస పిల్ల దూరేంత సందున్నా రాత్రికి రాత్రే ఊడ్చేస్తుంది.

పొలమున్న పల్లె ఇల్లు. మీకు మేత ఉంది, కాబట్టి రెండు మేకలు పెట్టుకోండి. పాడి ఎరిగిన చేతులుంటే ఆవూ సరే. కానీ పల్లెల్లో నేను చూసిన లోటు వేరు. జీవాలుంటాయి, డబ్బాలో పప్పు ఉండదు. పండిన కందులు, చెనిక్కాయలు కళ్లంలోనే అమ్మేసి తర్వాత అంగట్లో కొంటారు. అమ్మేముందు ఇంటికి ఏడాదికి సరిపడా తీసిపెట్టండి.

శాకాహారులు. గుడ్డు తిననివాళ్లు కోళ్లు పెంచమని నేను చెప్పను. అలసందలు, ఉలవలు, అనపగింజలు రెట్టింపు చేయండి, పాలపొడి ఒక ప్యాకెట్టు ఉంచండి, ఆవున్న ఇంటితో ఒప్పందం చేసుకోండి. చలికాలంలో అనపకాయలు చవగ్గా దొరికినప్పుడు పితికిపప్పు తినడంతో ఆపకుండా గింజలు ఎండబెట్టి దాస్తే మీ నిల్వ సగం తయారైనట్టే.

పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, ఇద్దరే ఉంటున్న పెద్దవాళ్లు. డ్రమ్ములు వద్దు, వంగి ఎత్తలేరు. ఐదు కిలోల డబ్బాలు నడుము ఎత్తున బీరువాలో పెట్టించుకోండి. ముందు నెలకు సరిపడా బీపీ, షుగరు మాత్రలు, తర్వాతే బియ్యం. కోళ్లంటే ఇష్టముంటే రెండు చాలు. వాటితో పొద్దుపోతుంది, పక్కింటి పిల్లలు గుడ్డు కోసం వచ్చి పలకరించి పోతారు.

## ఎప్పుడు మొదలుపెట్టాలి

కొత్త కందిపప్పు, కొత్త చింతపండు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. అప్పుడే కొని, ఎండలు ముదిరాక ఒకటికి రెండుసార్లు ఎండబెట్టి డబ్బాల్లో పోయండి. బియ్యాన్ని మాత్రం మండుటెండలో పోయకండి, నూకైపోతుంది, నీడనే ఆరబెట్టాలి. కోడిపిల్లల్ని కూడా ఫిబ్రవరిలోనే తెచ్చుకుంటే మే ఎండలకు కాస్త గట్టిపడి ఉంటాయి, ఆగస్టుకు గుడ్డుకొస్తాయి, వానలు పట్టేనాటికి ఇంట్లో గుడ్లుంటాయి. మే నెలలో పిల్లలు కొనడం మాత్రం వద్దు.

వడియాలు, ఊరమిరపకాయలు ఏప్రిల్‌లో. మామిడి ఊరగాయ మే, జూన్‌లో. ఆగస్టులో ఒకసారి అన్ని డబ్బాలూ దించి, పురుగు చూసి, పాతవి వంటింట్లోకి తెచ్చి కొత్తవి వెనక్కి పెట్టండి. సెప్టెంబరు చివర్లో కోళ్ల గూటి పైకప్పు మీద రెండు బిందెల నీళ్లు పోసి, లోపల ఎక్కడ కారుతోందో చూసుకోండి. కారిన చోట రేకు మార్పించి, దాణా డబ్బా నింపి, చిన్న సిలిండరు ఊపి చూసి నిండుగా ఉందో లేదో తెలుసుకోండి.